పిల్లల్లో రేడియేషన్ దుష్ప్రభావాలు: ఏ ఇబ్బంది ఎప్పుడొస్తుంది, ఎలా ఎదుర్కోవాలి

పిల్లల క్యాన్సర్‌కు ఇచ్చే రేడియేషన్‌తో కొన్ని దుష్ప్రభావాలు తప్పవు. అయితే అవి ఎక్కడ వస్తాయో, ఎప్పుడు వస్తాయో చాలావరకు ముందే చెప్పొచ్చు. కిరణాలు శరీరంలో ఏ భాగం గుండా వెళ్తున్నాయి, మొత్తం డోసు ఎంత, బిడ్డ వయసెంత, పక్కనే ఏ కీమో మందు నడుస్తోంది అన్న నాలుగు సంగతులు తెలిస్తే రాబోయే ఇబ్బందులు దాదాపుగా అంచనాకు వస్తాయి. పొరపాటు ఎక్కువగా జరిగేది సమయం దగ్గరే. చివరి సిట్టింగ్ కాగానే గండం గడిచిందనుకుంటారు; చర్మం బాగా పాడయ్యేది ఆ తర్వాతి వారం పది రోజుల్లో. తలకు రేడియేషన్ అయిన నెలన్నరకు బిడ్డ పగలంతా నిద్రపోతుంటే జబ్బు తిరగబెట్టిందని హడలిపోతారు. చాలాసార్లు అది తనంతట తానే తగ్గిపోయే మగత. నాలుగైదేళ్ల తర్వాత ఎత్తు పెరగడం మందగిస్తే ఇంటి పోలిక అనుకుని వదిలేస్తారు. అప్పుడు చూడాల్సింది హార్మోన్లను.

రేడియేషన్ డోసును గ్రేలలో కొలుస్తారు. పిల్లలకు సాధారణంగా ఒక్కో సిట్టింగ్‌కు 1.5 నుంచి 1.8 గ్రే చొప్పున, వారానికి 5 రోజులు ఇస్తారు. విల్మ్స్ అనే కిడ్నీ కణితికి పొట్టలో ఒక పక్కకు 10.8 గ్రే, అంటే 6 సిట్టింగులతో సరిపోవచ్చు. మెడుల్లోబ్లాస్టోమా అనే మెదడు కణితికైతే మెదడు, వెన్నుపాము మొత్తానికి 23.4 లేదా 36 గ్రే ఇచ్చి, ఆపైన కణితి ఉన్న చోటుకు మాత్రం 54 గ్రే దాకా తీసుకెళ్తారు. అది 30 సిట్టింగులు, ఆరు వారాలు. విల్మ్స్ ఉన్న బిడ్డకు కొద్ది రోజుల వికారం, నీరసంతో అయిపోవచ్చు. మెడుల్లోబ్లాస్టోమా ఉన్న బిడ్డకు జుట్టు, గొంతు, రక్తకణాలు, వినికిడి, ఎదుగుదల అన్నీ లెక్కలోకి వస్తాయి. ఇద్దరూ తీసుకున్నది రేడియేషనే అయినా ఒకరి అనుభవం చూసి ఇంకొకరికి ధైర్యం చెప్పడం గానీ, భయపెట్టడం గానీ తగదు.

దుష్ప్రభావాలను అదుపులో పెట్టడం బిడ్డకు ఉపశమనం కోసం మాత్రమే కాదు. నోటిపూత వల్లనో, జ్వరం వల్లనో సిట్టింగులు ఆగిపోతే ఆ వ్యవధిలో మిగిలి ఉన్న కణితి కణాలు మళ్లీ పెరగడం మొదలుపెడతాయి. మెడుల్లోబ్లాస్టోమా పిల్లలపై యూరప్‌లో జరిగిన ఒక పెద్ద ట్రయల్‌లో, రేడియేషన్ 50 రోజులు దాటి సాగినవారిలో ఫలితాలు తగ్గినట్టు తేలింది. వాంతులు ఆపడం, బరువు నిలపడం, నొప్పి తగ్గించడం కూడా క్యాన్సర్ చికిత్సలో భాగమని చెప్పడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

మొదటి సిట్టింగ్‌కు ముందే చేయాల్సినవి

కొన్ని పనులు రేడియేషన్ మొదలయ్యాక చేయడానికి వీలుండదు. తల, మెడ భాగానికి రేడియేషన్ అయితే ముందుగా పళ్ల డాక్టరుకు చూపించాలి. తీయాల్సిన పన్ను ఉంటే సిట్టింగులకు కనీసం 10 నుంచి 14 రోజుల ముందే తీయాలి. ఆ పుండు మానకముందే కిరణాలు పడితే దవడ ఎముకకు ప్రమాదం. పొత్తికడుపు కింది భాగానికి అయితే సంతానం గురించి అడగాల్సింది ఇప్పుడే. యుక్తవయసుకు వచ్చిన అబ్బాయిల వీర్యాన్ని భద్రపరచవచ్చు. అమ్మాయిల్లో అండాశయాలను సర్జరీతో కిరణాల దారి నుంచి పక్కకు జరపవచ్చు, లేదా అండాశయ కణజాలాన్ని గడ్డకట్టించి దాచవచ్చు. వృషణాలకు 2, 3 గ్రేలు తగిలినా వీర్యకణాల తయారీ దెబ్బతినవచ్చు. పక్క భాగానికి ఇచ్చే డోసు నుంచి చెదిరి వచ్చేది కూడా ఇందులో లెక్కే. బిడ్డ ప్రాణం గురించి ఆందోళనలో ఉన్న తల్లిదండ్రులు ఈ ప్రశ్న అడగరు. అందుకే అడగకపోయినా డాక్టర్లే చెప్పాలి.

తలకు రేడియేషన్ ఇచ్చే పిల్లలందరికీ వినికిడి పరీక్ష, హార్మోన్ల పరీక్ష, నిలబడిన ఎత్తు, కూర్చున్న ఎత్తు, వీలైతే తెలివితేటలు, ఏకాగ్రతల పరీక్ష ముందే చేయించి రాసిపెట్టాలి. మొదటి కొలత లేకపోతే మూడేళ్ల తర్వాత వచ్చిన తేడా కణితి వల్లనా, సర్జరీ వల్లనా, కిరణాల వల్లనా అన్నది తేలదు.

ఇక కదలకుండా పడుకోవడం. మూడు నాలుగేళ్ల లోపు పిల్లలకు దాదాపు ప్రతి సిట్టింగ్‌కూ మత్తు ఇవ్వాల్సి వస్తుంది. మత్తుకన్నా పిల్లల్ని ఎక్కువ కుంగదీసేది దాని కోసం రోజూ ఉంచే ఖాళీకడుపు. సాధారణ నియమం ఇది: ఘనాహారం, డబ్బా పాలు 6 గంటల ముందు ఆపాలి, తల్లిపాలు 4 గంటల ముందు, నీళ్లు, గుజ్జు లేని పళ్లరసం లాంటి తేట ద్రవాలు చాలాచోట్ల 2 గంటల ముందు వరకు, కొన్నిచోట్ల గంట ముందు వరకు ఇవ్వొచ్చు. ఎందుకైనా మంచిదని రాత్రి ఎనిమిదికే అన్నీ ఆపేయడం వల్ల ఆరు వారాల్లో బిడ్డ బరువు పడిపోతుంది. ఉదయం మొట్టమొదటి సమయం మత్తు అవసరమైన చిన్నపిల్లలకే కేటాయించాలి. తెలివి రాగానే తినడానికి ఆహారం చేతిలో సిద్ధంగా ఉండాలి.

నాలుగైదేళ్లు దాటిన పిల్లల్లో చాలామందిని మత్తు లేకుండానే ఒప్పించవచ్చు, కానీ ఒక్క రోజులో కాదు. గదిని, మిషన్‌ను ముందే చూపించడం, దాని శబ్దం వినిపించడం, తల కదలకుండా ముఖం మీద బిగించే మాస్కుకు బిడ్డకు నచ్చిన రంగులు వేయించడం, ఇంట్లో పది నిమిషాలు కదలకుండా పడుకునే ఆట ఆడించడం, సిట్టింగ్ జరుగుతుండగా మైకులో అమ్మ గొంతుతో కథ వినిపించడం పనిచేస్తాయి. కిరణాలు పడుతున్నప్పుడు నొప్పి ఉండదని చెప్పొచ్చు, అది నిజమే. కానీ గదిలో కాసేపు ఒంటరిగా ఉండాలన్న మాట దాచకూడదు. ఒకసారి నమ్మకం పోతే మిగతా సిట్టింగులన్నిటికీ మత్తే దిక్కవుతుంది.

మాస్కు గురించి ఒక మాట. డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ల వల్ల ముఖం ఉబ్బితే మాస్కు బిగుసుకుపోతుంది, బరువు తగ్గితే వదులవుతుంది. రెండింటిలోనూ కిరణాలు పడే చోటు మిల్లీమీటర్లలో జరిగే అవకాశం ఉంది. మాస్కు ముద్రలు చర్మం మీద ఎప్పటికన్నా లోతుగా పడుతున్నా, లోపల తల కదులుతున్నా వెంటనే టెక్నీషియన్‌కు చెప్పాలి. కొత్త మాస్కు, కొత్త ప్లాను అవసరం కావచ్చు.

ఇళ్లల్లో తరచూ వినిపించే భయం ఒకటుంది. బయటి మిషన్ నుంచి ఇచ్చే రేడియేషన్ వల్ల బిడ్డ ఒంట్లో రేడియేషన్ మిగలదు. ఎత్తుకోవచ్చు, ముద్దు పెట్టుకోవచ్చు, పక్కన పడుకోబెట్టుకోవచ్చు, చంటి తమ్ముడితో ఆడనివ్వొచ్చు. రేడియోధార్మిక అయోడిన్, ఎంఐబీజీ లాంటి రేడియోధార్మిక మందులను ఒంట్లోకి ఇచ్చే చికిత్సలకు మాత్రం వేరే జాగ్రత్తలు ఉంటాయి.

చర్మం

చర్మం అడుగుపొరలోని కణాలు విడిపోతూ పైపొరను భర్తీ చేస్తుంటాయి. కిరణాలు దెబ్బకొట్టేది ఆ అడుగుపొరను. పైపొర అరిగి, కింది నుంచి కొత్తది రావడం లేదని బయటపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. అందుకే మొదటి వారంలో చర్మం మామూలుగా ఉంటుంది. ఆ తర్వాత ఎర్రబడటం లేదా నల్లబడటం, పొడిబారి పొట్టు రాలడం, కొందరిలో తడిగా ఊడటం వరుసగా వస్తాయి. చివరి సిట్టింగ్ తర్వాత ఒకటి రెండు వారాలకు ఇది పరాకాష్ఠకు చేరి, మరో మూడు నాలుగు వారాల్లో మానుతుంది. నలుపు ఎక్కువ ఉన్న చర్మం మీద ఎరుపు కనబడదు. ముదురు రంగు, వేడి, తాకితే నొప్పి చూసి గుర్తించాలి. మెడ, చంక, చెవి వెనక, గజ్జలు, పిరుదుల మధ్య మడత ముందుగా పాడవుతాయి, ఎందుకంటే అక్కడ రాపిడి, చెమట ఎక్కువ. ప్రోటాన్ చికిత్స (కణితి దాటి ముందుకు పోకుండా ఆగిపోయే కిరణాలతో చేసేది) లోపలి అవయవాలను కాపాడుతుంది గానీ, చర్మం మీద కొన్నిసార్లు ఎక్కువ డోసే పడుతుంది.

రోజూ గోరువెచ్చని నీళ్లు, వాసన లేని తేలికపాటి సబ్బుతో కడగొచ్చు. రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్దాలి. టెక్నీషియన్ పెట్టిన పెన్ను గుర్తులు చెరగనివ్వకూడదు. వాసన లేని మాయిశ్చరైజర్ మొదటి రోజు నుంచే రోజుకు రెండు మూడుసార్లు పల్చగా రాయొచ్చు. సిట్టింగ్‌కు ముందు మాత్రం మందంగా పూయకూడదు. మందమైన పొర కిరణాల తీవ్రతను పైచర్మం మీదికి లాగుతుంది. వదులుగా ఉండే నూలు బట్టలు వేయాలి. ఆ భాగం మీద ప్లాస్టర్ టేపు అంటించకూడదు, ఐస్ గానీ వేడి కాపడం గానీ పెట్టకూడదు. రక్త పరీక్షకు వెళ్లినచోట దూది పెట్టి టేపు వేసే అలవాటు ఉంటుంది కాబట్టి చికిత్స భాగంలో వద్దని ముందే చెప్పాలి.

చర్మం తడిగా ఊడినప్పుడు సెలైన్‌తో మెల్లగా కడిగి, అంటుకోని సిలికాన్ డ్రెస్సింగ్ వేయాలి. పసుపు లేదా ఆకుపచ్చ చీము, దుర్వాసన, చుట్టూ ఎరుపు పాకడం ఇన్‌ఫెక్షన్ గుర్తులు. డైపర్ వేసే పిల్లల్లో విరేచనం అయిన వెంటనే నీళ్లతో కడగాలి. సువాసన ఉన్న వైప్స్ వాడకూడదు. జింక్ ఆక్సైడ్ క్రీమును పూర్తిగా గీకి తీయాలని చూడకుండా, మలినమైన పైపొరను మాత్రం తుడిచి మళ్లీ రాయాలి.

చర్మం మానిన కొన్ని వారాలకో నెలలకో డాక్టినోమైసిన్ లేదా డాక్సోరుబిసిన్ అనే కీమో మందు ఎక్కించగానే, పాత రేడియేషన్ గీత వెంబడి అచ్చుగుద్దినట్టు మళ్లీ ఎర్రబడటం జరగొచ్చు. దీన్ని అలర్జీగా పొరబడుతుంటారు. ఈ రెండు మందులూ కిరణాల ప్రభావాన్ని పెంచుతాయి కాబట్టి రేడియేషన్ జరుగుతున్న రోజుల్లో ఆపడమో, డోసు తగ్గించడమో ప్రోటోకాల్‌లోనే రాసి ఉంటుంది. కీమో ఒకచోట, రేడియేషన్ మరోచోట జరిగే కుటుంబాలు తేదీలు రెండు వైపులా తెలియజేయడం తప్పనిసరి. ఆ రెండు చోట్ల మధ్య సమాచారం దానంతటదే వెళ్తుందని అనుకోకూడదు.

నోరు, గొంతు, బరువు

నోటిపూత రెండో వారం చివర్లో మొదలవుతుంది. తల, మెడ భాగానికి ఇచ్చినప్పుడే కాదు, వెన్నుపాముకు ఫోటాన్ కిరణాలు (మామూలు ఎక్స్‌రే రకం) ఇచ్చినప్పుడు కూడా గొంతు మంట వస్తుంది: వెనక నుంచి వెళ్లిన కిరణం వెన్ను దాటి గొంతు, అన్నవాహిక, పేగుల గుండా బయటికి పోతుంది. వెన్నుకు ఇస్తుంటే మింగేటప్పుడు నొప్పి ఎందుకన్న అనుమానానికి జవాబు ఇదే. ప్రోటాన్ కిరణం వెన్ను దగ్గరే ఆగిపోతుంది కనుక ఈ బాధ తక్కువ.

కాచి చల్లార్చిన ఒక లీటరు నీళ్లలో ఒక టీస్పూను ఉప్పు, ఒక టీస్పూను వంటసోడా కలిపి రోజుకు నాలుగైదుసార్లు, ముఖ్యంగా తిన్నాక, పడుకునే ముందు పుక్కిలించాలి. ఏ రోజుకారోజు కొత్తగా కలపాలి. పుక్కిలించడం రాని పిల్లలకు అదే నీళ్లలో ముంచిన మెత్తని గుడ్డతో తుడవాలి. మెత్తని బ్రష్షు, ఆల్కహాల్ లేని మౌత్‌వాష్ మాత్రమే వాడాలి. వసతి ఉన్నచోట తక్కువ తీవ్రత గల లేజర్‌తో చేసే చికిత్స నోటిపూతను తగ్గిస్తుంది. మంట తగ్గడానికి వాడే లిగ్నోకెయిన్ జెల్ చిన్నపిల్లలకు సొంతంగా రాయకూడదు. ఎక్కువ మింగితే ఫిట్స్, గుండె లయ తప్పడం రావొచ్చు. గొంతు మొద్దుబారి ఆహారం ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదమూ ఉంది. నాలుక మీద, బుగ్గల లోపల గీకితే ఊడే తెల్లటి మచ్చలు ఫంగస్ కావొచ్చు, దానికి వేరే మందు ఉంది.

నొప్పి మందు విషయంలో బిడ్డ అడిగేదాకా ఆగడం సరికాదు. పారాసిటమాల్ బిడ్డ బరువులో కిలోకు 15 మి.గ్రా. చొప్పున 6 గంటలకొకసారి ఇవ్వొచ్చు, అయితే ప్రతి డోసుకు ముందు జ్వరం చూడాలి. లేకపోతే మందు జ్వరాన్ని కప్పేస్తుంది. ఐబుప్రోఫెన్‌ను ప్లేట్‌లెట్లు తగ్గే అవకాశం ఉన్నప్పుడు డాక్టరు చెప్పనిదే వాడకూడదు. పారాసిటమాల్ సరిపోకపోతే మార్ఫిన్ ఇస్తారు. ఆ పేరు వినగానే చాలామంది వెనకడుగు వేస్తారు. నోటిపూత నొప్పికి డాక్టర్ల పర్యవేక్షణలో కొద్ది వారాలు ఇచ్చి, క్రమంగా తగ్గించే మార్ఫిన్ వల్ల వ్యసనం వస్తుందన్న భయం అక్కర్లేదు. నొప్పితో తినడం మానేసిన బిడ్డకు జరిగే నష్టం అంతకన్నా చాలా ఎక్కువ. భోజనానికి అరగంట ముందు మందు ఇస్తే కాస్త తినగలుగుతారు.

బరువు వారానికి కనీసం ఒకసారి, అదే తూకం మీద చూడాలి. మొదలైనప్పటి బరువులో 5 శాతం తగ్గితే డైటీషియన్‌ను కలవాల్సిన సమయం వచ్చినట్టు. 10 శాతం దగ్గరికి వస్తుంటే ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇవ్వడం గురించి నిర్ణయం తీసుకోవాలి. గొట్టాన్ని ఓటమిగా చూసి రెండు వారాలు వాయిదా వేస్తే, నోరు పూర్తిగా పుండయ్యాక అది వేయడం బిడ్డకు మరింత నరకం. గొట్టం ఉంటే మందుల కోసం రోజూ జరిగే పెనుగులాట కూడా తప్పుతుంది. దవడ కండరాలకు డోసు పడే పిల్లలు రోజుకు నాలుగైదుసార్లు నోరు బాగా తెరిచి మూసే వ్యాయామం మొదటి వారం నుంచే చేయాలి. దవడ బిగుసుకుపోయాక చేయడం కన్నా బిగుసుకోకుండా చూడటం తేలిక.

వాంతి అంటే అన్నిసార్లూ ఒకటే కారణం కాదు

పొట్ట పైభాగానికి, వెన్నుపాముకు, ఒళ్లంతటికీ ఇచ్చే రేడియేషన్‌లో వాంతులు వస్తాయని ముందే తెలుసు కాబట్టి, వచ్చాక ఆపడం కాకుండా రాకుండా ఆపాలి. వాంతులు ఆపే ఆన్‌డాన్‌సెట్రాన్ కిలోకు 0.15 మి.గ్రా., నోటితో ఇచ్చేటప్పుడు ఒక డోసుకు 8 మి.గ్రా. మించకుండా, సిట్టింగ్‌కు అరగంట నుంచి గంట ముందు ఇవ్వడం మామూలు పద్ధతి. మొదటి రెండు రోజులు బాగానే ఉందని మానేస్తే మూడో రోజు దెబ్బతింటారు. ఒకసారి బాగా వాంతి అయిన పిల్లలకు ఆస్పత్రి వాసన తగిలినా వాంతి రావడం మొదలవుతుంది, దాన్ని ఆపడం చాలా కష్టం.

ఇక్కడ తరచూ జరిగే చిక్కు ఒకటి ఉంది. ఆన్‌డాన్‌సెట్రాన్ మలబద్ధకం తెస్తుంది. మెదడు కణితుల్లో పక్కనే వారానికొకసారి ఇచ్చే విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు కూడా అదే పని చేస్తుంది, మార్ఫిన్ తోడైతే సరేసరి. నాలుగైదు రోజులు విరేచనం కాని బిడ్డకు పొట్ట ఉబ్బి వాంతి అవుతుంది. దానికి మళ్లీ ఆన్‌డాన్‌సెట్రాన్ డోసు పెంచుతారు. మందే రోగాన్ని పెంచుతోందని ఎవరికీ తట్టదు. ఈ మందులు కలిసి నడుస్తున్నప్పుడు విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజు నుంచే ఇవ్వాలి, ఎన్ని రోజులకు విరేచనం అవుతోందో రాసిపెట్టాలి. రక్తకణాలు తక్కువగా ఉన్నప్పుడు ఎనిమా, మలద్వారంలో పెట్టే మాత్రలు పనికిరావు. అక్కడ పడే చిన్న గాటు నుంచి కూడా ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పోతుంది. జ్వరం కూడా ఆ దారిన చూడకూడదు.

మూడో రకం వాంతి అన్నిటికన్నా ప్రమాదకరం. తెల్లవారుజామున తలనొప్పితో లేవడం, వాంతి కాగానే కాస్త తేలిక పడటం, కొత్తగా మెల్లకన్ను, నడకలో తూలు, మామూలుగా లేని మగత – ఇవి తలలో ఒత్తిడి పెరిగిన గుర్తులు. రేడియేషన్ వల్ల వచ్చిన వాపు కావొచ్చు, తలలోని నీటిని బయటికి పంపడానికి వేసిన గొట్టం (షంట్) మూసుకుపోయి ఉండొచ్చు. ఆ రోజే ఆస్పత్రికి చేరాలి. వాపుకు డెక్సామెథాసోన్ ఇస్తారు. అది రెండు మూడు వారాలకు మించి నడిస్తే శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారీని ఆపేస్తుంది కాబట్టి ఒక్కసారిగా మానకూడదు. తగ్గించే రోజుల్లో, ఆ తర్వాత కొన్ని వారాల్లో బిడ్డకు తీవ్ర జ్వరమో, మందు నిలవని వాంతులో వస్తే స్టెరాయిడ్ వాడిన సంగతి అత్యవసర విభాగంలో మొదటి వాక్యంగా చెప్పాలి.

పొట్ట కింది భాగానికి ఇస్తే విరేచనాలు, మూత్రంలో మంట వస్తాయి. రెండింటికీ రేడియేషన్‌నే కారణంగా తీసుకునే ముందు ఇన్‌ఫెక్షన్ లేదని పరీక్షతో తేల్చుకోవాలి. ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా తరచూ ఇవ్వాలి. విరేచనాలు ఆపే లోపెరమైడ్ రెండేళ్ల లోపు పిల్లలకు ఇవ్వకూడదు. ఏడిస్తే కన్నీళ్లు రాకపోవడం, 8 గంటలుగా మూత్రం రాకపోవడం సెలైన్ అవసరమని చెప్పే గుర్తులు.

రక్తకణాలు, జ్వరం

పెద్దవారితో పోలిస్తే పిల్లల ఎముకల్లో రక్తం తయారుచేసే మూలుగ చాలా విస్తారంగా ఉంటుంది. మెదడు, వెన్నుకు కలిపి ఇచ్చినప్పుడు పుర్రె, వెన్నుపూసల్లోని మూలుగ అంతా కిరణాల దారిలోనే ఉంటుంది. కీమో ఇవ్వకపోయినా కణాలు పడిపోతాయి. వారానికి ఒకటి రెండుసార్లు రక్తపరీక్ష చేయాలి. మొదట పడేది లింఫోసైట్లు అనే తెల్లరక్తకణాలు, ఆఖరున కోలుకునేవీ అవే. అందుకే ఒక రకం న్యుమోనియా రాకుండా కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్‌ను వారానికి రెండు మూడు రోజులు, చికిత్స ముగిశాక కూడా కొన్ని నెలలు ఇస్తారు. కణాలు తక్కువగా ఉన్న బిడ్డకు ఒక్కసారి 38.3 డిగ్రీల సెల్సియస్, లేదా గంటసేపు 38 డిగ్రీలు నిలిస్తే అది అత్యవసరం. ఆస్పత్రికి చేరిన గంటలోపు మొదటి యాంటీబయాటిక్ పడాలి. పారాసిటమాల్ వేసి తెల్లవారేదాకా చూద్దామనుకోవడం వల్ల ప్రాణాలు పోతాయి. బతికున్న వైరస్ ఉన్న టీకాలు ఈ కాలంలో ఇవ్వకూడదు, తోబుట్టువుల టీకాలు ఆగాల్సిన పని సాధారణంగా లేదు.

అయిపోయిందనుకున్నాక వచ్చేవి

తలకు రేడియేషన్ పూర్తయిన 4 నుంచి 8 వారాలకు, కొందరిలో కాస్త అటూ ఇటూగా, బిడ్డ రోజులో ఎక్కువసేపు నిద్రపోవడం, చిరాకు, ఆకలి తగ్గడం, కొద్దిపాటి జ్వరం రావొచ్చు. నరాల చుట్టూ ఉండే మైలిన్ పొర తయారీకి తాత్కాలికంగా అంతరాయం కలగడమే దీనికి కారణమని భావిస్తారు. ఒకటి నుంచి మూడు వారాల్లో తగ్గిపోతుంది. చికిత్స ముగిసిన రోజునే ఈ సంగతి కుటుంబానికి, స్కూలుకు రాతపూర్వకంగా చెబితే ఎంతో భయం తప్పుతుంది. అయితే లేపితే లేవకపోవడం, ఫిట్స్, కొత్తగా చేయి కాలు బలహీనపడటం, పైన చెప్పిన తెల్లవారుజాము వాంతులు ఈ మగతలో భాగం కావు.

మొదటి కొన్ని నెలల్లో తీసిన ఎంఆర్ఐలో కణితి పెరిగినట్టు కనిపించి, తర్వాతి స్కాన్లలో దానంతటదే తగ్గడం కూడా ఉంది. బిడ్డ బాగానే ఉంటే ఆ ఒక్క స్కాన్ చూసి చికిత్స మార్చేయకుండా, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మళ్లీ తీయించి చూడటం వివేకం. ఛాతీకి ఇచ్చినవారిలో ఒకటి నుంచి మూడు నెలల మధ్య పొడిదగ్గు, ఆయాసం వస్తే ఊపిరితిత్తుల వాపును అనుమానించాలి. దానికి ఇచ్చే స్టెరాయిడ్‌ను తొందరపడి తగ్గిస్తే ఆయాసం తిరిగొస్తుంది. పొట్ట కుడి పక్కకు రేడియేషన్ తీసుకుని డాక్టినోమైసిన్ మీద ఉన్న బిడ్డ రెండు మూడు రోజుల్లో బరువు పెరిగి, పొట్ట ఉబ్బి, కళ్లు పచ్చబడితే కాలేయంలోని సన్నని రక్తనాళాలు మూసుకుపోతున్నాయేమో చూడాలి.

ఎదిగే శరీరం మీద ఏళ్ల తరబడి

పెద్దవారి రేడియేషన్‌కూ పిల్లల రేడియేషన్‌కూ అసలు తేడా ఇక్కడే ఉంది. పెరిగే ఎముక చివర ఉండే ఎదుగుదల పలక మీద కిరణాలు పడితే ఆ ఎముక ఎదుగుదల తగ్గుతుంది. తొడ ఎముక పొడవులో దాదాపు 70 శాతం మోకాలి దగ్గరి పలక నుంచే వస్తుంది. అక్కడ పడిన డోసు ఏళ్ల తర్వాత రెండు కాళ్ల పొడవులో తేడాగా బయటపడుతుంది. వెన్నుపూసలో సగానికే డోసు పడితే ఒక పక్క పెరిగి ఒక పక్క ఆగి వెన్ను వంకరపోతుంది. అందుకే ఎదిగే పిల్లల్లో పూస మొత్తాన్ని కావాలనే దారిలోకి తీసుకుంటారు. మొండెం కాస్త పొట్టిగా మిగులుతుంది, కానీ నిటారుగా ఉంటుంది.

మెదడు అడుగున ఉండే హైపోథాలమస్, పీయూష గ్రంథులకు 18 గ్రే దాటితే ఎదుగుదల హార్మోన్ తగ్గే అవకాశం ఉంది. 30 దాటితే మిగతా హార్మోన్లూ తగ్గవచ్చు. ఆరు నెలలకొకసారి ఎత్తు కొలవడం కన్నా మంచి పరీక్ష లేదు, కానీ అందులోనూ ఒక మోసం ఉంది. అదే డోసు వల్ల కొందరిలో యుక్తవయసు ముందే వస్తుంది, దాంతో ఎత్తు గబగబా పెరుగుతున్నట్టు కనబడి ఎదుగుదల హార్మోన్ లోపం కప్పుకుపోతుంది. ఎముకల ఎదుగుదల త్వరగా ముగిశాక చేయగలిగేది లేదు. అమ్మాయిల్లో 8 ఏళ్ల లోపు, అబ్బాయిల్లో 9 ఏళ్ల లోపు యుక్తవయసు గుర్తులు కనిపిస్తే వెంటనే హార్మోన్ల డాక్టరుకు చూపాలి. థైరాయిడ్‌కు ఏటా టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించడానికి పీయూష గ్రంథి పంపే హార్మోన్) ఒక్కటే చూస్తే చాలదు. లోపం పీయూష గ్రంథిలోనే ఉంటే టీఎస్‌హెచ్ మామూలుగానే కనిపిస్తుంది, థైరాయిడ్ తయారుచేసే హార్మోన్ ఫ్రీ టీ4 తగ్గి ఉంటుంది. రెండూ చూడాలి.

చదువు గురించి తల్లిదండ్రులకు చెప్పాల్సింది సూటిగా చెప్పాలి. మెదడుకు డోసు పడిన పిల్లల్లో, నేర్చుకున్నది మరిచిపోవడం కన్నా కొత్తది నేర్చుకునే వేగం తగ్గుతుంది. అందుకే మొదటి ఏడాది తేడా తెలియదు; మూడు నాలుగేళ్లకు తోటివారు ముందుకెళ్లిపోతారు. బిడ్డ సోమరి అయ్యాడన్న నింద అప్పుడే పడుతుంది. పరీక్షల్లో అదనపు సమయం, ముందు వరసలో చోటు, బోర్డు మీద నుంచి ఎక్కించుకునే బదులు ప్రింటు నోట్సు, ఒకేసారి ఒక్క సూచన – ఇవి చిన్న సర్దుబాట్లే, మార్పు మాత్రం పెద్దది. వినికిడి తగ్గిందేమో కూడా చూడాలి. లోపలి చెవికి 30 గ్రే దాటినా, సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు తోడైనా సన్నని, కీచుగా ఉండే ధ్వనులు ముందు పోతాయి. పిలిస్తే పలుకుతారు గానీ టీచర్ మాటల్లో కొన్ని అక్షరాలు అందవు. 6 ఏళ్ల లోపు ఏటా, 12 ఏళ్ల దాకా రెండేళ్లకొకసారి, ఆపైన అయిదేళ్లకొకసారి వినికిడి పరీక్ష చేయించాలి.

ఛాతీకి 10 గ్రే లేదా అంతకుమించి పడిన అమ్మాయిలకు 25వ ఏట నుంచి, లేదా రేడియేషన్ అయిన 8 ఏళ్లకు, ఏది తర్వాతయితే అప్పటి నుంచి ఏటా మామోగ్రామ్, ఎంఆర్ఐ చేయాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. గుండెకు 15 గ్రే దాటితే ఎకో పరీక్షలు జీవితాంతం. ఇవన్నీ డోసు అంకె మీద ఆధారపడిన సలహాలు. కాబట్టి చికిత్స ముగిసినప్పుడు చేతికందే కాగితంలో రేడియేషన్ ఇచ్చారు అన్న ఒక్క ముక్క ఉంటే సరిపోదు. మొదటి, చివరి సిట్టింగ్ తేదీలు, సిట్టింగుల సంఖ్య, ఏ భాగానికి మొత్తం ఎన్ని గ్రేలు, ఫోటానా ప్రోటానా, మధ్యలో ఆగిన రోజులు, గుండె, థైరాయిడ్, పీయూష గ్రంథి, లోపలి చెవులు, అండాశయాలు లేదా వృషణాలకు పడిన డోసు, కలిసి నడిచిన కీమో మందుల మొత్తం మోతాదు అందులో ఉండాలి. అసలు ప్లాను ఫైలును కూడా డిస్క్‌లో అడిగి తీసుకుని రెండు చోట్ల భద్రపరచాలి. ఏ అవయవానికి ఎంత పడిందన్న ప్రశ్న ఇరవై ఏళ్ల తర్వాత వచ్చినా ఆ ఫైలు నుంచి లెక్కగట్టవచ్చు. ఆస్పత్రులు పాత రికార్డులను అంతకాలం ఉంచుతాయన్న హామీ లేదు.